పూలకు జనన నమోదు పుస్తకం వ్రాసిన ఫ్రెడరిక్ శాండర్



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గూర్చి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గూర్చి, కవుల గూర్చి వ్రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు గనుక నేను వేరే దారి పట్టాను. నా ఉద్యోగ జీవితం యావత్తూ రిజిస్టర్ల మధ్యే గడిచింది. పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ, క్రమసంఖ్య, ఇవే నా లోకం. అటువంటి నాకు ఒక పూల వ్యాపారి నచ్చాడంటే కారణం ఆయన పెంచిన పూలు కావు, ఆయన నడిపిన రిజిస్టరు. ఆయన హెన్రీ ఫ్రెడరిక్ కాన్రాడ్ శాండర్. పుట్టుక జర్మనీలో, స్థిరపడింది ఇంగ్లండులో, అమ్మినవి ఆర్కిడ్ మొక్కలు.

ఆర్కిడ్ అంటే ఏమిటని అడిగేవారికి ఒక మాట. ఈ రోజుల్లో పెళ్ళి రిసెప్షన్లలో వేదిక మీద ఊదారంగులో, తెలుపులో, వారం రోజులైనా వాడకుండా ఉండే పూలు చూస్తున్నాం కదా, వాటిలో చాలావరకు అవే. వీటిలో ఎన్నో జాతులు చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. మన పల్లెల్లో చెట్టు మీద చెట్టు కనబడితే బదనిక అనేస్తాం. కాని ఆర్కిడ్లు బదనికల వలె ఆశ్రయమిచ్చిన చెట్టు రసం త్రాగవు. కొమ్మను పట్టుకుని గాలిలో తేమతో, వాన నీటితో బ్రతుకుతాయి. అద్దెకున్నవారే గాని దోచుకునేవారు కారు. వీటిలో ఒక కుటుంబానికి వాండా అనే పేరు మన సంస్కృతం నుంచే వెళ్ళింది. మన సామర్లకోటలో ఉండి తోటలు వేసిన రాక్స్‌బర్గ్ దొర 1795లో అచ్చయిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో ఒక వాండాను బొమ్మతో సహా వర్ణించాడు. కనుక ఈ కథ మనకు మరీ పరాయిది కాదు.

శాండర్ 1847 మార్చిలో జర్మనీలోని బ్రెమెన్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో లండన్ చేరి జేమ్స్ కార్టర్ అనే విత్తనాల కంపెనీలో పనికి కుదిరాడు. అక్కడే ఆయనకు బెనెడిక్ట్ రోజ్ల్ పరిచయమయ్యాడు. ఈ రోజ్ల్ చెక్ దేశస్థుడు, మెక్సికో, దక్షిణ అమెరికా అడవులలో మొక్కలు సేకరించి యూరపుకు పంపేవాడు. ఒక యంత్ర ప్రమాదంలో చేయి పోతే ఇనుప కొక్కెం తగిలించుకుని అడవులు తిరిగిన మనిషి. అడవిలో వెదకడం రోజ్ల్‌కు తెలుసు, అమ్మడం శాండర్‌కు తెలుసు. ఇద్దరికీ లంకె కుదిరింది. భార్య ఎలిజబెత్ పుట్టింటి సాయంతో శాండర్ లండన్‌కు ఉత్తరాన సుమారు ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో విత్తనాల దుకాణం పెట్టుకున్నాడు. రోజ్ల్ పంపిన ఆర్కిడ్లకు గిరాకీ చూశాక విత్తనాలు వెనక్కి పోయాయి.

ఆ రోజులలో ఇంగ్లండు ధనవంతులకు ఆర్కిడ్ పిచ్చి పట్టింది. లండన్ వేలం పాటలలో ఒక్కొక్క మొక్క వందల గినీలకు పోయేది. శాండర్ 1880ల నాటికి సుమారు అరవై అద్దాల ఇళ్ళు కట్టించి, ఇరవై మందికి పైగా సేకర్తలను భూమి నాలుగు దిక్కులకూ పంపాడు. అమెరికాలో న్యూజెర్సీలో ఒక శాఖ, తరువాత బెల్జియంలో బ్రూజ్ నగరం దగ్గర మరొక పెద్ద తోట వెలిశాయి. 1887లో విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండినప్పుడు మనిషి ఎత్తును మించిన ఆర్కిడ్ పుష్పగుచ్ఛం సమర్పించాడు. జనం ఆయనను ఆర్కిడ్ రాజు అన్నారు.

రాజుల సంపద ఎలా వస్తుందో మనకు తెలుసు. ఈ భాగం వ్రాయడానికి నాకు మనసు రాదు గాని దాచడం న్యాయం కాదు. సేకర్తలు చెట్లెక్కి మొక్కలు దించడమే కాదు, చెట్లనే నరికించేవారు. వేల మొక్కలు ఓడలకెక్కితే అందులో చాలా భాగం దారిలోనే కుళ్ళిపోయేవి. మనుషులకూ భద్రత లేదు. ఫాల్కెన్‌బర్గ్ అనే సేకర్త పనామాలో పోయాడు, ఆర్నాల్డ్ అనే అతను ఓరినోకో నది ప్రాంతంలో పోయాడు. మికోలిట్జ్ అనే మరొక నమ్మకమైన ఉద్యోగి న్యూగినీ వైపు దీవులలో ఎంతో శ్రమపడి కూర్చిన సరుకు మకాసర్ రేవులో ఓడకు నిప్పంటుకుని బూడిదయింది. తంతి ఇస్తే, వెనక్కి వెళ్ళి మళ్ళీ సేకరించమని శాండర్ జవాబు. వానాకాలం వచ్చేసిందని మళ్ళీ తంతి ఇస్తే, మళ్ళీ అదే జవాబు. అతను వెళ్ళాడు, తెచ్చాడు. మన సర్వీసులో అటువంటి పై అధికారులను చూడనివారెవరు? ఆ రెండవసారి తెచ్చిన సరుకులో ఒక మొక్క మనిషి పుర్రెకు అంటుకుని పెరిగినదని, 1891లో దానిని పుర్రెతో సహా లండన్ వేలంలో పెట్టారని చెబుతారు.

ఇక పేర్ల సంగతికి వస్తాను.

అడవి మొక్కలకు పేరు పెట్టడం శాస్త్రజ్ఞుల పని. శాండర్ తెప్పించిన కొత్త మొక్కలకు పేర్లు పెట్టినవాడు హాంబర్గ్‌లో ఉన్న రైకెన్‌బాఖ్ అనే ఆచార్యుడు. ఆర్కిడ్ విషయంలో ఆ కాలానికి ఆయన మాటే శాసనం. 1882లో ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవి నుంచి వచ్చిన ఒక అద్భుతమైన వాండాకు శాండర్ పేరు మీద వాండా శాండరియానా అని పెట్టినవాడు ఆయనే. ఆ దీవివారు దానిని అంతకు ముందు నుంచీ వాలింగ్ వాలింగ్ అంటున్నారు, ఇప్పటికీ అలాగే అంటారు. శాండర్ కృతజ్ఞతగా హెన్రీ మూన్ అనే చిత్రకారుని పెట్టుకుని 192 రంగుల చిత్రాలతో నాలుగు మహా సంపుటాలు అచ్చువేయించి దానికి రైకెన్‌బాఖియా అని ఆచార్యుని పేరే పెట్టాడు. పూలు నిజ పరిమాణంలో ఉంటాయి. 1888లో మొదలుపెట్టి 1894 దాకా సాగిన ఆ పుస్తకం వల్ల ఆయన బాగా నష్టపోయాడు. మూన్ మాత్రం ఆయనకు అల్లుడయ్యాడు.

ఆ ఆచార్యుడు 1889లో కాలం చేశాడు. ఆయన వీలునామా తెరిస్తే అందరూ నిర్ఘాంతపోయారు. జీవితకాలం కూర్చిన ఎండు మొక్కల నమూనాలన్నీ, తన పటాలు, వ్రాతలతో సహా వియన్నా మ్యూజియముకు ఇచ్చి, ఇరవై ఐదు సంవత్సరాల పాటు పెట్టెలు తెరవరాదని షరతు వ్రాశాడు. లండన్ దగ్గర క్యూ తోటలవారితో ఆయనకు పడదు, ఆ కోపం. ఏ పేరు ఏ మొక్కకు పెట్టాడో సరిచూసుకునే ఆధారం ఒక తరం పాటు మూతపడింది. మిగతా శాస్త్రజ్ఞులు అప్పటికే పేరున్న మొక్కలకు తెలియక మళ్ళీ పేర్లు పెట్టవలసి వచ్చింది. రికార్డు గది తాళం జేబులో వేసుకుని బదిలీ మీద వెళ్ళిపోయిన గుమాస్తాలను నేనెరుగుదును గాని, ఇరవై ఐదేళ్ళు తాళం వేసినవాడిని ఈయననే చూశాను.

ఇది అడవి మొక్కల గొడవ. తోటలలో ఇంతకన్నా పెద్ద గొడవ ముదురుతున్నది. 1856లో ఎక్సెటర్‌లోని వీచ్ నర్సరీలో జాన్ డామినీ అనే తోటమాలి రెండు వేర్వేరు ఆర్కిడ్ జాతులను కలిపి పుట్టించిన మొక్క మొదటిసారి పూసింది. అది సంకర జాతి, మనుషుల చేతి పని. దానిని చూసి లిండ్లే పండితుడు శాస్త్రజ్ఞుల గతి ఇక ఏమవుతుందోనని తల పట్టుకున్నాడంటారు. ఆయన భయం నిజమే అయింది. తరువాత ముప్పై నలభై ఏళ్ళలో ప్రతి నర్సరీ, ప్రతి ప్రభువుగారి తోటమాలి సంకరాలు చేయసాగారు.

పని చూడడానికి సులువే. ఒక పువ్వు లోపలి పుప్పొడి ముద్దను పుల్లతో తీసి రెండవ పువ్వు కీలాగ్రం మీద అంటిస్తే చాలు. కాయ పండడానికి నెలలు పడుతుంది, కొన్ని జాతులకు దగ్గర దగ్గర ఏడాది. ఒక కాయలో లక్షల గింజలు, కాని అవి దుమ్ము వంటివి. వడ్లగింజలో, కందిగింజలో ఉన్నట్లు మొలకకు తిండి లోపల ఉండదు. ఒక రకం బూజు సాయం చేస్తే తప్ప మొలవవు. ఆ రహస్యం 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి యువకుడు కనిపెట్టేదాకా ఎవరికీ తెలియదు. తల్లి మొక్క మొదట్లో చల్లి దేవుడికి దండం పెట్టుకోవడమే. లక్షలలో పదో పరకో బ్రతికితే, తొలి పువ్వు చూడడానికి అయిదు నుంచి ఏడేళ్ళు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ. సీసాలో చక్కెర, లవణాలు కలిపిన జావ మీద మొలిపించే పద్ధతి నడ్సన్ అనే అమెరికా ఆచార్యుడు 1922లో ప్రకటించాకనే ఈ కష్టం తగ్గింది.

ఇప్పుడు ఆలోచించండి. ఒకే జంటను ఒకరు లండన్‌లో, మరొకరు పారిస్‌లో, ఇంకొకరు ఏదో పల్లెలో కలుపుతారు. ముగ్గురూ మూడు పేర్లు పెడతారు. కొనేవాడు మూడు పేర్లు చూసి, మూడు మొక్కలనుకుని, మూడుసార్లు డబ్బు పోసి, ఏళ్ళ తరబడి నీళ్ళు పోసి పెంచితే, పూసినవి తోబుట్టువులు! లేదా ఒకే పేరును ఇద్దరు వేర్వేరు మొక్కలకు పెట్టేవారు. మోసం కన్నా తెలియనితనమే ఎక్కువ. ఎవరికి వారే పేర్లు పెట్టుకుంటున్నారు గాని అన్నీ ఒకచోట వ్రాసిన పుస్తకం చేతికి అందడం లేదు.

1906లో, తన 59వ ఏట, శాండర్ ఆ పుస్తకం అచ్చు వేశాడు. శాండర్ గారి ఆర్కిడ్ సంకరాల జాబితా అని అర్థం వచ్చే పేరు. చూడడానికి నీరసమైన పుస్తకం. సంకరం పేరు, దాని తల్లి, దాని తండ్రి, వరుసగా పేజీల కొద్దీ ఇదే. నేను మెచ్చుకున్నదెక్కడంటే, ఆయన వ్యాపారి. తన సరుకు మాత్రమే వేసుకుంటే క్యాటలాగు అయ్యేది, ఎవరూ తప్పు పట్టేవారు కారు. కాని పోటీదారుల సంకరాలకూ తన వాటికీ ఒకే వరుస, ఒకే అక్షరాలు. కనుక పోటీదారులూ నమ్మారు. కొత్తగా పూయగానే వివరాలు సెయింట్ ఆల్బన్స్‌కు వ్రాసి పంపే అలవాటు క్రమంగా లోకమంతటా పాకింది. ప్రభుత్వ ఉత్తర్వు లేదు, చట్టం లేదు, జరిమానా లేదు. రిజిస్ట్రారు ఉద్యోగం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

దీనితో పాటు స్థిరపడిన నియమం మన తెలుగువారికి తేలికగా అర్థమవుతుంది. ఒకే ఇద్దరు తల్లిదండ్రులకు పుట్టిన సంతానం యావత్తుకూ, ఎవరు ఎక్కడ ఎన్నిసార్లు పుట్టించినా, ఒకే ఇంటి పేరు. ఎవరు ముందు నమోదు చేయిస్తే వారు పెట్టిన పేరే ఖాయం. ఏది తల్లి, ఏది తండ్రి అన్నది తారుమారైనా ఇంటి పేరు మారదు. ఆ సంతానంలో ఒక మొక్క ప్రత్యేకంగా ఉంటే దానికి చివర సొంత పేరు చేరుస్తారు. ముందు వంశం, తరువాత ఇంటి పేరు, ఆఖరున సొంత పేరు. ఇంగ్లీషువారు తమ పేర్లు ఇందుకు తలకిందులుగా వ్రాసుకుంటారు గాని పూల పేర్లు మాత్రం మన పద్ధతిలో వ్రాశారు!

ఒక ఉదాహరణ. సింబీడియం అలెగ్జాండరీ వెస్టన్‌బర్ట్ అని ఒక ప్రసిద్ధమైన మొక్క ఉంది. సింబీడియం వంశం పేరు. 1911లో నమోదైన అలెగ్జాండరీ ఇంటి పేరు. వెస్టన్‌బర్ట్ దాని సొంత పేరు. గ్లాస్టర్‌షైర్‌లో సర్ జార్జ్ హోల్‌ఫర్డ్ అనే ప్రభువు గారి ఎస్టేటు వెస్టన్‌బర్ట్, ఆయన దగ్గర ఆర్కిడ్లు చూసే తోటమాలి అలెగ్జాండర్. ఇంటి పేరు తోటమాలికి దక్కింది, అది నాకు సంతోషం కలిగించింది. రిజిస్టరు తిరగేస్తే దీని తల్లిదండ్రులు తెలుస్తారు. ఒకరు ఇన్‌సిగ్నే అనే వియత్నాం కొండల మొక్క. రెండవది 1889 నాటి వీచ్ వారి సంకరం. దాని తల్లిదండ్రులను మళ్ళీ చూస్తే, ఒకరు బర్మా వైపు మొక్క, మరొకరు ఎబర్నియం అనే తెల్లపూల మొక్క, మన ఖాసీ కొండలది. నేడు పూలకొట్లలో కనిపించే సింబీడియం పూలలో ఎన్నింటినో ఇలా వెనక్కి వెనక్కి చదువుతూ పోతే మన ఈశాన్య కొండలకు చేరుకోవచ్చు. ఏ ఒక్క తరం వారు వ్రాయడం మానేసినా ఈ దారి తెగిపోయేది.

ఇక్కడ ఇన్‌సిగ్నే సంగతి ఒకటి చెప్పాలి. ఇందాకటి మికోలిట్జ్ దానిని అన్నాం నుంచి శాండర్‌కు పంపాడు. యజమాని పేరు మీద సింబీడియం శాండరీ అని పేరు పెట్టారు. తీరా చూస్తే క్యూలో రోల్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఎండు నమూనాను బట్టి అదే మొక్కకు అంతకు ముందే, 1904లో, ఇన్‌సిగ్నే అని పేరు పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది గనుక శాండరీ కొట్టివేయబడింది. పంపిన మికోలిట్జ్ పేరు దానికి ఏనాడూ రాలేదు. వేరే మొక్కలకు అతని పేరు పెట్టారు లెండి. కాని వాళ్ళ వెంట చెట్లెక్కిన స్థానిక కూలీల పేర్లకు ఏ రిజిస్టరులోనూ కాలమ్ లేదు. ఇది నాకు ఎప్పుడూ గుచ్చుకునే విషయం.

పేరులో ఒక అక్షరం ఎంత పని చేస్తుందో పింఛనుదారులకు నేను చెప్పనక్కరలేదు. సర్వీసు పుస్తకంలో నా ఇంటి పేరు ఒక విధంగానూ, ఎస్.ఎస్.ఎల్.సి. రిజిస్టరులో మరొక విధంగానూ ఉన్నదని ఒక కార్యాలయం వారు నా కాగితాలు మూడుసార్లు వెనక్కి పంపారు. ముప్పై ఏళ్ళకు పైగా ఇతరుల పేర్లు తప్పు లేకుండా వ్రాసినవాణ్ణి, ఆ పేరున్న మనిషిని నేనేనని నిరూపించుకోవడానికి ఏడు నెలలు తిరిగాను. అంతవరకు ప్రొవిజనల్ పింఛనుతోనే ఇల్లు నడిచింది. అప్పట్లో మా ఆవిడ, పుస్తకంలో ఉన్న ఆ మనిషెవరో వస్తే ఆయన చేతనే సరుకులు తెప్పిద్దామని హాస్యమాడేది. అందుకే ఈ జాబితా నా కంటికి నీరసంగా కనిపించదు.

శాండర్ చివరి సంవత్సరాలు సుఖంగా గడవలేదు. 1914లో యుద్ధం వచ్చి జర్మన్ సైన్యం బ్రూజ్‌ను ఆక్రమించింది. ఆయన పుట్టిన దేశం, ఆయనకు అన్నం పెట్టిన దేశం ఒకదానితో ఒకటి కత్తులు దూసుకున్నాయి. అద్దాల ఇళ్ళు వెచ్చగా ఉంచడానికి బొగ్గు కరువు, పూలు కొనే ప్రభువుల ఇళ్ళలోనే కొడుకుల చావు కబుర్లు. 1920 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు. అరవై అద్దాల ఇళ్ళ వైభవం మెల్లమెల్లగా కరిగింది గాని పుస్తకం ఆగలేదు. కొడుకులు, తరువాత మనుమడు కొనసాగించారు. 1946లో, అంతకు ముందు ఏడాది చివరి వరకు ఉన్న సంకరాలన్నింటితో రెండు సంపుటాలు వెలువడ్డాయి. పేరు తెలిస్తే తల్లిదండ్రులను, తల్లిదండ్రులు తెలిస్తే పేరును వెదుక్కునే వీలు వాటిలో ఉంది. చివరకు 1961 నుంచి ఆ బాధ్యతను లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తీసుకుంది. నేటికీ ఏ దేశంలో ఎవరు కొత్త సంకరం పుట్టించినా అక్కడికే దరఖాస్తు పంపాలి. తల్లిదండ్రుల పేర్లు, పుట్టించినవారి పేరు, మొదట పూసిన తేదీ వ్రాయాలి. పుట్టించినవారు వేరైతే వారి అనుమతి ఉండాలి. నమోదైన పేర్లు లక్ష దాటి చాలాకాలమైంది. ఇప్పుడు కంప్యూటరులో ఎవరైనా చూసుకోవచ్చు.

పుట్టించినవారి పేరు కాలమ్ ఎంత ముఖ్యమో చెప్పడానికి సింగపూరు కథ చాలు. అక్కడ ఆగ్నెస్ జోకిమ్ అనే ఆర్మీనియన్ మహిళ తన తోటలో రెండు వాండాలను కలిపి ఒక మొక్కను పుట్టించింది. 1893లో రిడ్లీ అనే తోటల అధికారి దానిని ఆమె పేరు మీదనే వాండా మిస్ జోకిమ్ అని ప్రకటించాడు. 1981లో అది సింగపూరు జాతీయ పుష్పమయింది. కాని తరువాతివారు కొందరు ఆమె పుట్టించలేదని, తోటలో తేనెటీగల వల్ల దానంతటదే పుడితే చూసిందంతేనని వ్రాశారు. ఆమె బంధువులు, కొందరు పరిశోధకులు పాత కాగితాలు వెదికి పట్టు విడవకుండా వాదించగా, 2016లో సింగపూరు ప్రభుత్వ సంస్థలు ఆమే పుట్టించిందని ఒప్పుకున్నాయి. అప్పటికి ఆమె పోయి 117 ఏళ్ళు.

శాండర్ పేరుకేమైందని అడుగుతారేమో. మూడు వంశాల కలయికకు ఒక మనిషి పేరు చివర ఆరా అని చేర్చి పెట్టే పద్ధతి ఉంది. బ్రాసియా, కాక్లియోడా, ఓడాంటోగ్లాసమ్ అనే మూడింటిని కలిపితే పుట్టే సంకరాలకు 1937లో ఆయన జ్ఞాపకార్థం శాండరారా అని పేరు పెట్టారు. ఇటీవలి సంవత్సరాలలో శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి కాక్లియోడా, ఓడాంటోగ్లాసమ్ రెండూ నిజానికి ఆన్సిడియం వంశంలోనివేనని తేల్చారు. మూడు వంశాలు కాస్తా రెండయ్యాయి. రెంటి కలయికకు వేరే పేరు అప్పటికే ఉంది, బ్రాసిడియం. కనుక ఆయన పుస్తకం నుంచి పెరిగిన రిజిస్టరులోనే ఆయన పేరు చెల్లకుండా పోయింది. అయితే అందులోంచి చెరిపివేయలేదు. మనం తప్పు పడిన పద్దు మీద ఎర్రసిరాతో ఒక గీత గీసి, క్రింద అక్షరాలు కనబడేటట్లుంచి, పక్కన సరైన పద్దు సంఖ్య వేసేవాళ్ళం కదా, అదే పద్ధతి. పాత పేరుతో వెదికితే ఇది పూర్వపు పేరని, ఇప్పటి పేరు ఫలానా అని చూపిస్తుంది.